జేజి ఈత

మా చిన్నప్పుడు... ఇంకా చీకటి విడవకముందే జేజి నా కాలి బొటనవేలు పట్టుకుని లాగేది. మా నాయనమ్మను మేం జేజి అనేవాళ్ళం. నేను చప్పుడు కాకుండా లేచి, చెల్లెళ్ళ మీద దుప్పటి సర్ది, ఆమె వెనకే నడిచేదాన్ని. ఆమె చంకలో విడిచిన బట్టల మూట. ఆ మూటలో బట్టలే కాదు, ఎండిన సొరబుర్రలు కూడా ఉండేవి. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నందికొట్కూరు దగ్గర పల్లె మాది. కర్నూలు రాజధాని అయిందని పెద్దవాళ్ళు అరుగుల మీద చెప్పుకుంటున్న రోజులు. జేజికి మాత్రం ఒకటే ధ్యాస... ఈత నేర్చుకోవాలి.

అప్పటికి ఆమెకు యాభై దాటాయి.

ఆమె పుట్టిన ఊళ్ళో బావి అడుగున చెంబుతో తోడుకునేన్ని నీళ్ళే ఉండేవట. పెళ్ళయి మా ఊరికి వచ్చాక తోటలో దిగుడుబావి నిండా నీళ్ళు చూసింది. మగపిల్లలు దూకుతున్నారు. తనూ దిగుతానంటే అత్తగారు బిందె చేతికిచ్చిందట.

"నలభై ఏండ్లు ఆ నీళ్ళు నేను మోస్తి గదా పాపా... ఒక్కదినం అవి నన్ను మోస్తే ఏం పోతాది?" అని జేజి నన్నడిగింది.

ఎవరైనా వస్తారేమో గట్టున ఉండి చూడమంది. కాపలాకు ఒప్పుకున్నాను.

ఆ ఏడు పందిరి మీద మూడు సొరకాయలను ఎవరినీ ముట్టనివ్వలేదు. "ముదిరిపోతాండాయి అత్తా, కూరకు కోసేదా?" అని అమ్మ అడిగితే, "విత్తనానికమ్మా" అనేది. ఈత నేర్చుకునేవాళ్ళు మునగకుండా ఎండిన బుర్రలు నడుముకు కట్టుకోవడం మా వైపు అలవాటు. మొదట మూడు... కాళ్ళూ చేతులూ కుదిరాక ఒక్కొక్కటే విప్పుతారు. జేజి మొదటి బుర్ర విప్పిన రోజు నీళ్ళు మింగింది. రెండోది విప్పిన రోజు నన్ను తిట్టింది.

ఇక ఆ రోజు మూడోది కూడా విప్పి మూటలో పెట్టేసింది. పాత చీర గోచి పోసి కట్టింది. పొడి చీర మడిచి మెట్టు మీద పెట్టి, నీళ్ళలో జారిపోతాయని కమ్మలు, ముక్కుపుడక తీసి దాని మీద ఉంచింది.

"అవతలి గోడ తాకి వస్తా. చూస్తాండు."

నేను చూడలేదు. భయమేసింది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నూటెనిమిది సార్లు రామనామం అనుకోవడం మొదలుపెట్టాను.

కాసేపటికి పక్కింటి నాగక్క నీళ్ళకు వచ్చింది. గట్టు మీద నుంచి ఆమెకు కనిపించినవి... మడిచిన చీర, దాని మీద కమ్మలు, పక్కన కళ్ళు మూసుకుని దండం పెడుతున్న నేను. జేజి లేదు.

ఇత్తడి బిందె అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగెత్తింది. "పెద్దమ్మ బాయిలో పడిపాయెనో!"

ఆ కేక నాకూ వినపడింది. కానీ అప్పటికి డెబ్బై మూడులో ఉన్నాను... మధ్యలో ఆపలేదు.

పూర్తయి కళ్ళు తెరిచేసరికి గట్టు మీద సగం ఊరు ఉంది. అమ్మ గుండెలు బాదుకుంటోంది. "సంగటిలో ఉప్పు లేదని రేత్రి అత్త అనిందే! ఉండాదని వాదిస్తినే! నిజంగానే ఎయ్యలేదు తల్లీ... నిజంగానే ఎయ్యలేదు!"

తాత నాలుగో మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళ నిండా నీళ్ళు. "మహాతల్లి... నలభై ఏండ్ల కాపురంలో ఒక్కదినం నాకు ఎదురు చెప్పలా!"

బావిలోంచి గొంతు వచ్చింది. "ఆ మనిషిని అబద్ధాలాడొద్దని చెప్పండి!"

అవతలి గోడకు పొడుచుకొచ్చిన బండ చాటున జేజి తల కనిపించింది. దాటింది... దాటాక ఆయాసమొచ్చి రాయి పట్టుకుంది. అంతలో పైన ఏడుపులు మొదలయ్యాయి. "ఇన్ని మంచి మాటలు మళ్ళా యాడ వింటాను అని గమ్మునుంటి" అని తర్వాత నాతో చెప్పింది.

"మోకు ఎయ్యండప్పా! లాగండప్పా!" అని తాత అరిచాడు.

"మోకు పట్టుకోని వస్తే నేను ఈదినట్టు ఎట్లయితాది? అందరూ గమ్మునుండండి."

రాయి వదిలింది. బావి మధ్యకు వచ్చేసరికి తల మునిగింది. గట్టు మీద అందరూ ముందుకు వంగారు. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. తల మళ్ళీ పైకి లేచింది... చేయి మెట్టును తాకింది.

మొదట నాగక్కే తేరుకుంది. "శానా బాగుండాది పెద్దమ్మా! నా బిందె సొట్టపాయె, దాని సంగతేంది?"

అమ్మ పొడి చీర కప్పింది. "అత్తా... ఉప్పు..."

"వింటిలే. ఊరంతా వినె."

ఆ సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ. "ఈ వయసులో ఇదేం పని?" అన్నాడు తాత.

జేజి కమ్మల మర బిగించుకుంటూ, "ఆయనకు ఈత వచ్చునేమో కనుక్కోండి" అంది.

తాత కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన నాలుగో మెట్టు దాటి ఎందుకు దిగలేదో అప్పుడర్థమైంది మాకు.

చివరికి తేలిందేమిటంటే... పొద్దు బారెడు ఎక్కేదాకా బావి ఆడవాళ్ళది. నగలు ఇంట్లోనే తీసిపెట్టి పోవాలి. కాపలాకు నన్ను తీసేసి నాగక్కను పెట్టారు.

అందరూ లేస్తుంటే అమ్మ తలుపు చాటు నుంచి మెల్లగా అంది. "ఆ బుర్రలు ఊరికే ఉండాయి గదా మామా... నేను కట్టుకునేదా?"

తాత గడ్డం నిమురుకున్నాడు. కట్టుకోమన్నాడు.

ఇప్పుడు ఆ బావి పూడ్చి బోరు వేశారు. జేజి లేదు, అమ్మా లేదు. అమ్మ మనసులోనూ ఒక కోరిక ఉందని, అది ఆమె నోరు తెరిచి అడిగేదాకా నాకు తోచనే లేదు... మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను ఇంకా అడిగే వీలుంటే, మీకేం కోరిక ఉందని ఈరోజే అడగండి. ఏం చెప్పారో ఇక్కడ నాలుగు మాటలు రాయండి.