పసుపు వదలని గడప

మా చిన్నప్పుడు సాయంత్రమైతే సాలూరులో పిల్లలందరూ ఆటలకి పోయేవారు... నేనూ మా తమ్ముడూ మాత్రం కొత్తింటి గోడలకి నీళ్లు కొట్టడానికి పోయేవాళ్లం.

ఊరి చివర ఒక మేస్త్రి వరసగా అయిదు ఇళ్లు కట్టి అమ్మకానికి పెట్టాడు. అందులో మూడోది మాది... అంటే, అడ్వాన్సు ఇచ్చాం. దాని కోసం అమ్మ తన రెండు పేటల గొలుసు అమ్మేసింది. మిగతాదంతా బ్యాంకు లోను మీదే ఆశ.

రెండు గదులు, వంటిల్లు, వెనకాల ఒక దండెం కట్టుకునేంత పెరడు. తడి సిమెంటు వాసన పీల్చుకుంటూ, ఏ గదిలో ఎవరు పడుకోవాలని తమ్ముడూ నేనూ రోజూ కొట్టుకునేవాళ్లం. పెద్ద తగువే అది... వాడికి నేను పెట్టిన గాటు ఇప్పటికీ మోచేతి మీద ఉంది.

నాన్న లారీ డ్రైవరు. ట్రిప్పుకింత, దారి తిండికి బత్తా ఇంత అని లారీ షావుకారు చేతిలో పెట్టేవాడు. అంతా నోటిమాటే... కాగితం అన్న మాటే లేదు. మా ఊళ్లో బళ్లన్నీ అలాగే నడిచేవి, ఎవరికీ అదొక లోటుగా తోచేది కాదు.

బ్యాంకాయన దరఖాస్తు తీసుకుని, "చూద్దాం, వస్తుందిలెండి" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ పంచాంగం చూపించేసింది.

"ఇల్లు ఎలాగూ మనదే కదేటి... ఆషాడం వచ్చేత్తన్నాది. పాలు పొంగించీసుకుందాం" అంది నాన్నతో.

మేస్త్రి కూడా మంచివాడే. "నాకేటి అభ్యంతరమమ్మా... పొంగించుకోండి. లోనొచ్చినాక రాయించుకుందురు గాని" అన్నాడు.

అలా ఒక తెల్లవారుజామున గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మూడు ఇటుకల మీద గిన్నె పెట్టి పాలు పొంగించాం. ఆ రాత్రి ఆనవాయితీ ప్రకారం అక్కడే చాప వేసుకుని పడుకున్నాం. మర్నాడు మళ్లీ అద్దింటికి వచ్చేశాం... రిజిస్ట్రేషన్ అయ్యాక సామాను దింపుకుందామని.

తర్వాత బ్యాంకువాళ్లు జీతం సర్టిఫికెట్టు అడిగారు.

నాన్న షావుకారు దగ్గరికి వెళ్లాడు. ఆయన కోప్పడలేదు, కుర్చీ వేయించి టీ ఇప్పించాడట. "ఒరే, ఇన్నేళ్లూ మాట మీద నడిసిన బండిరా మనది. నీకొక్కడికి కాగితం రాసిత్తే రేపు అందరూ వచ్చీరా? ఇంకేటి కావాలన్నా అడుగు" అన్నాడట. నాన్నకి ఇంకేమీ అక్కర్లేదు. ఆ కాగితమే కావాలి.

బండి దిగిన రోజల్లా తెల్లచొక్కా వేసుకుని బ్యాంకుకి పోయేవాడు. "నా చేతుల్లో లేదండీ" అనేవాడు అక్కడి ఆయన. ఎవరి చేతుల్లో ఉందో చెప్పేవాళ్లు లేరు. చివరికి ఒకరోజు నాన్న వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయాడు. "పదేనేళ్లు బండి తోలినానే... తోలినానని సెప్పడానికి కాగితం లేదంట" అన్నాడు అమ్మతో. అమ్మ మంచినీళ్లిచ్చింది.

మేస్త్రి రెండు నెలలు ఆగాడు. అతనికీ ఇటుకలవాడు, ఇసుకవాడు తిరుగుతున్నారు. "మరొకరికి అమ్మితేగాని మీ అడ్వాన్సు తిరిగివ్వలేనమ్మా" అన్నాడు. కొన్నాళ్లకి ఒక మాస్టారు కుటుంబం కొంటామన్నారు. రేపు ఇల్లు చూడ్డానికి వస్తారు, కాస్త శుభ్రం చేసి తాళం ఇచ్చెయ్యమని కబురు పెట్టాడు.

మీకు తెలుసుగా... కొత్తిల్లని కొంటూ, ముందే ఎవరో పాలు పొంగించి వెళ్లిపోయారంటే ఎవరు చేరతారు? అచ్చిరాని ఇల్లంటారు. వాళ్లు వద్దంటే మా అడ్వాన్సు రాదు.

నాన్న ఎక్కడో రాయపూర్ దారిలో ఉన్నాడు. అమ్మ నన్ను తీసుకెళ్లింది. నేల మీద మసి తొందరగానే పోయింది. గడప దగ్గర మాత్రం... రంగు వెయ్యని కొత్త చెక్క కదా, పసుపు లోపలికి తాగేసింది. కొబ్బరి పీచు, బూడిద పెట్టి మధ్యాహ్నం దాకా తోమాం. "గట్టిగా తోమే... ఇంకా కనిపిత్తన్నాది" అంటూనే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తన చేత్తో రాసిన పసుపు తన చేత్తోనే తోమడం... అదెలాంటిదో నాకప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు మేం తాళం ఇవ్వడానికి వెళ్లేసరికి మాస్టారుగారి భార్య వచ్చింది. గడప దగ్గరే ఆగి వంగి చూసింది. "ఏటమ్మా, ఇక్కడెవరైనా పాలు పొంగించినారేటి?" అని అడిగింది.

"నేదమ్మా... దారబందం నిలబెట్టినప్పుడు మేస్త్రులు పసుపు రాసినారు" అంది అమ్మ. అబద్ధమాడితే మాకు వాతలు పెట్టే అమ్మ!

ఆవిడ నావైపు తిరిగింది. "నిజమేనేటే గుంటా?"

నేను అమ్మకేసి చూశాను. అమ్మ నాకేసి చూడలేదు. తలూపేశాను.

వాళ్లు కొనుక్కున్నారు. మా అడ్వాన్సు మాకొచ్చింది. కానీ అమ్మకి అదొక దిగులు పట్టుకుంది... ఆ దారిన ఎవరొచ్చినా, "మాస్టారోళ్లు బాగున్నారా? పిల్లలకేటీ సుస్తీ నేదు కదా?" అని ఆరా తీసేది. ఏళ్ల తరబడి! తన అబద్ధం వాళ్లకెక్కడ తగులుతుందోనని.

వాళ్లు నిక్షేపంలా ఉన్నారు. పైన మరో అంతస్తు కూడా వేశారు. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఎవరితోనో అన్నట్టు మెల్లగా అంది... "ఇల్లు మంచిదేనే."

ఇప్పుడు లోను వస్తుందో రాదో ఫోనే చెప్పేస్తోంది. తెల్లచొక్కా వేసుకుని ఎవరి ముందూ నిలబడక్కర్లేదు... కాదన్నా కూడా, కాదన్న మొహం కనబడదు.

మీలో ఎవరికైనా ఉందా... పాలు పొంగించి, ఒక్క రాత్రి నిద్ర చేసి, వదులుకున్న ఇల్లు?