కొట్టంలో తాళం వేసిన పంపులు

మా బాపయ్య బావ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత ఆయన్ని తిట్టుకోవడానికి నాకు అడ్డుండదు.

మా ఊరు వినుకొండకు ఆటోలో అరగంట. ఆయనకు నాలుగెకరాలు, గట్టు దాటితే నాకు రెండు. నాకు అక్క వరసైన మల్లేశ్వరిని చేసుకున్నాడు కాబట్టి బావ అంటాను. తొంభై ఎనిమిదిలో పత్తికి పచ్చపురుగు పట్టినప్పుడు, మందు కొడుతూ కొడుతూ చాళ్ల మధ్యే కూలిపోయాడు. మంచం మీద మోసుకొచ్చి ట్రాక్టరెక్కించాం. ఆసుపత్రిలో మూడు రోజులు ఎవర్నీ గుర్తుపట్టలేదు. లేచాక ఆయనన్న మొదటి మాట, ఇక తన చేలో మందు వాసన రాకూడదని. అన్నంత పనీ చేశాడు. ఆరేళ్లు పత్తి జోలికి పోకుండా కంది, జొన్న వేసుకున్నాడు.

రెండువేల నాలుగులో ఎక్కడో వేపగింజల కషాయం సంగతి నేర్చుకొచ్చి మళ్లీ పత్తి వేస్తానన్నాడు. తనొక్కడూ వేస్తే ఊరుకునే రకం కాదు. తొలకరి ముందు ఊరందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి ఆ మూడు రోజుల సంగతి చెప్పాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ ఏడు ఎవరూ మందు కొట్టొద్దు అనగానే మొదట చెయ్యెత్తింది మల్లేశ్వరక్క. ఆ తర్వాత నలభై రెండిళ్ల వాళ్లం ఎత్తాం. ఆ సాయంత్రమే మందు కొట్టే తైవాన్ మోటారు పంపులు ఎవరివి వాళ్లు మోసుకొచ్చి బావ గొడ్ల కొట్టంలో పెట్టారు. ఆయన తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ రోజు మాలో ఒక్కరూ అబద్ధమాడలేదు. ఇప్పటికీ నేనదే అంటాను. అందరికీ మందంటే అసహ్యమే. కాకపోతే అటకల మీద పాత చేతిపంపులున్నాయని, అవి చప్పుడు చెయ్యవని ఎవరూ అనుకోలేదు. అనుకున్నారేమో, నాకు చెప్పలేదు.

దసరా దాటేసరికి పురుగు దిగింది. నేను పొద్దున్నే లేచి చేత్తో ఏరేవాణ్ణి. ఏరిన చెట్టుకే మర్నాడు మళ్లీ కనిపించేది. పూత విచ్చకముందే మొగ్గ గూడలు రాలిపోతున్నాయి, కాయలకు బెజ్జాలు. గట్టుకు అటుపక్క బావ చేను మాత్రం కళకళలాడుతోంది. వెళ్లి అడిగాను.

"నువ్వు కషాయం పల్చగా కాస్తున్నావురా" అన్నాడు. "ఒళ్లొంచాలి."

ఒళ్లు వంచాను. గింజలు రెట్టింపు దంచాను. ఇల్లంతా ఆ చేదు వాసనకి మా ఆవిడ వంట వసారాలోకి మార్చుకుంది. అయినా కాయ పోతూనే ఉంది. ఆ రోజుల్లో నాకు పురుగు మీద కంటే నా మీద నాకే ఎక్కువ కోపం. సోమరిపోతునని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఆ తిట్లు ఎవరికి చెందాలో అప్పటికి తెలియదు.

బావకు బాగా పేరొచ్చింది. ఊరూరా పిలిచి మాట్లాడించేవాళ్లు. ఒకరోజు దాచేపల్లి వైపు మీటింగుకు వెళ్లాడు. నేను వేపపిండి అడుగుదామని వాళ్ల చేలోకి వెళితే, నడిమి చాలులో మందు కొట్టే కూలి బుడాన్ కనిపించాడు. మూతికి గుడ్డ, వీపున చేతిపంపు. వాసన నాకు తెలిసిందే.

"ఎవరు రమ్మన్నార్రా?"

"అమ్మగారేనన్నా. అయ్యగారు ఊళ్లో లేని రోజు చూసి కబురు పెడతారు. ఇది అయిదోసారి."

మల్లేశ్వరక్క అన్నం క్యారేజీతో గట్టెక్కి నన్ను చూసి ఆగిపోయింది. దబాయిస్తుందనుకున్నాను. ఏడుస్తుందనీ అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"మందు మంచిదని నేనెప్పుడన్నా అన్నానా తమ్ముడూ? మీ బావ ఆసుపత్రిలో పడుకున్న మూడు రోజులూ పక్కన కూర్చుంది నేను. కానీ కాయలో తలదూర్చిన పురుగును కళ్లారా చూశాక ఊరుకోలేకపోయా. పక్క చేలవాళ్లు కొడుతుంటే వాళ్ల పురుగంతా మన మీద పడదూ?"

"పక్క చేలవాళ్లా? ఎవరు కొడుతున్నారు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి ఇప్పటికీ మర్చిపోలేను.

"నువ్వు తప్ప అందరూ."

సాయంత్రం బస్సు దిగే చోట బావ కోసం కాచుకున్నాను. మెడలో ఇంకా పూలదండ ఉంది. విన్నాడు. మైలురాయి మీద కూలబడ్డాడు. ఆయనకు నిజంగానే తెలియదు. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

"రేపు దాచేపల్లి వైపు నుంచి నలభై మంది మన చేను చూడ్డానికి వస్తున్నార్రా" అన్నాడు. "వాళ్ల ముందే చెప్పేస్తా. దాచి బతకడం నా వల్ల కాదు."

నాకు కడుపు నిండినట్టయింది. నా పత్తి పోతే పోయింది, మనిషి మిగిలాడనుకున్నాను.

మర్నాడు లారీ దిగి వాళ్లు చేలో పడ్డారు. కాయలు పట్టి చూశారు, ఆకులు తిప్పి చూశారు. అక్క అందరికీ మజ్జిగ పోస్తోంది. తలపాగా చుట్టుకున్న పెద్దాయనొకడు, యలమంద అట, బావ దగ్గరికొచ్చాడు.

"బాపయ్యగారూ, ఒక్కసారి కూడా కొట్టలేదా అండీ? మేం పిల్లలు గలవాళ్లం. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

బావ నోరు తెరిచాడు. చుట్టూ నలభై మొహాలు. అక్క చేతిలో మజ్జిగ చెంబు ఆగిపోయింది.

"లేదండి" అన్నాడు. ఆ పెద్దాయన ఇంకా చూస్తూనే ఉంటే నా భుజం మీద చెయ్యేశాడు. "నా మాట వద్దు. మా వీరాంజనేయులు ఒక్క చుక్క కొట్టలేదు. అడగండి."

యలమంద నా కళ్లలోకి చూశాడు. నా చేను పదడుగుల దూరంలో ఉంది. చూపిస్తే సరిపోయేది. బావ తడబడితే ఈ మాట నేనెలా అందుకోవాలా అని రాత్రంతా వల్లెవేసుకున్నవాణ్ణి. భుజం మీద బావ చెయ్యి బరువుగా ఉంది.

"కొట్టలేదండి" అన్నాను.

అది నిజమే. నా చేను చూస్తామని ఎవరూ అడగలేదు, నేనూ రమ్మనలేదు. వాళ్లు వెళ్లిపోయాక బావ మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. కొట్టం తలుపు తీసి, ఎవరి పంపు వాళ్లకు ఇచ్చేశాడు. ఆ తర్వాత పదేళ్లు బతికాడు గానీ మీటింగులకు వెళ్లలేదు. నేను వాళ్లింటికి వెళ్లలేదు. నన్ను మోసం చేశాడని ఊరంతా చెప్పుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఆ లారీ వచ్చేదాకానే చెప్పేవాణ్ణి.

ఆ లారీ వచ్చిన మరుసటి ఏడు పంట అయిపోయి, సంక్రాంతి దాటాక వినుకొండ బజార్లో యలమంద ఎదురయ్యాడు. మనిషి సగమయ్యాడు. నేను పక్క సందులోకి తిరగబోతే ఆయనే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మిమ్మల్ని చూసి మేమూ మందు మానేశాం. ఈ ఏడు మాకేం మిగల్లేదండి" అన్నాడు. "మీవాళ్లు కొట్టారని తర్వాత తెలిసింది. బాపయ్యగారి మీద నాకు ముందునుంచీ నమ్మకం లేదు, పెద్ద మాటలు మాట్లాడే మనిషి. ఆ రోజు మీ మొహం చూసి నమ్మానండి."