అమ్మో మాస్టారి చేప

తన చేత్తో వేసిన బొమ్మకి తానే హడలిపోయే చిత్రకారుణ్ణి మీరెక్కడైనా చూశారా? ఊరంతా "అమ్మో మాస్టారు" అని పిలిచే ఆయన సరిగ్గా అలాంటి మనిషి. తోటలో పాము కథ వేసినప్పుడు, తోక పూర్తికాకముందే కుర్చీ ఎక్కి కర్ర తెమ్మని కేకలు పెట్టారు. జలప్రళయం వేసిన వారమంతా పంట్లాం మోకాళ్ళదాకా మడుచుకునే తిరిగారు.

అలాంటాయనకి ప్రార్థన మందిరం గోడ అప్పగించారు. దేవుడి మాట కాదని పారిపోయిన ప్రవక్తను పెద్ద చేప మింగిన కథ వేయాలి. "చూసినవాడి గుండె జారిపోవాలి," అన్నారు సంఘం పెద్దగారు. మూడు నెలలు వేశారు మాస్టారు. ఒక్కో కోర తలుపంత! కోర పూర్తయిన ప్రతిసారీ "అమ్మో!" అంటూ, రంగులు కలిపే భార్య వెనక నక్కేవారు.

"మీరే వేశారు కదండీ!"

"వేశాను కాబట్టే తెలుసు, అదెంత పదునో!"

తీరా గురువారం చూడటానికొచ్చిన పెద్దగారే రెండడుగులు వెనక్కి వేసి, ఆరేళ్ళ మనవరాలి కాలు తొక్కారు. ఆ పిల్ల చేపను చూసి కెవ్వుమంది. గుమ్మం దాటి పారిపోయి, మళ్ళీ రానంటే రానంది.

"ఆదివారానికల్లా పిల్ల లోపలికి రాకపోతే గోడకి సున్నం కొట్టించేస్తాను," అన్నారాయన.

మాస్టారి భార్యకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మూడు నెలల కష్టం! పైగా కట్టుకున్న మొగుడే ఆ చేపను చూసి వణుకుతుంటే పిల్లకి ధైర్యం చెప్పేదెవరు? రెండు రోజులు అన్నం సహించలేదు.

శనివారం ఉదయం టిఫిన్ డబ్బాతో ఆమె కాస్త ముందే వచ్చింది. తలుపు సందులోంచి చూసి నోరు తెరిచేసింది. మాస్టారు స్టూలెక్కి, చేప కోరలకి వీపు ఆనించి, కూనిరాగం తీస్తూ అరటిపండు తింటున్నారు! బయట పెద్దగారి చెప్పుల చప్పుడు వినబడిందో లేదో, తొక్క జేబులో కుక్కుకుని "అమ్మో!" అంటూ గుమ్మం బయటికి పరిగెత్తారు. అక్కడ తాత చేయి పట్టుకుని నిలబడిన పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు.

"పాపా, నా కుంచె లోపల ఉండిపోయింది. నాకు భయం. అది కరుస్తుందేమో చూసి చెప్పవా?"

మాస్టారి భార్య తలుపు పక్కకి తప్పుకుంది. పిల్ల చేపకేసి చూసింది, వణుకుతున్న మాస్టారి గడ్డంకేసి చూసింది. తాత చేయి వదిలి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి కోర మీద వేలు పెట్టింది.

"ఉత్త రంగే!"

"లోపలున్న ప్రవక్తని నమిలేసిందా?"

పిల్ల చేప నోట్లోకి తొంగి చూసింది. "లేదు, పడుకున్నాడు. దిండు కూడా ఉంది!" తిరిగొచ్చి మాస్టారి చిటికెనవేలు పట్టుకుంది. "రా తాతా, నేనున్నాగా."

పెద్దగారు సున్నం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఆమె నిలదీసింది. "ఇన్నేళ్ళూ నాటకమా?"

"పిల్లలకి మనం ధైర్యం చెబితే ఎక్కదే. వాళ్ళే మనకి చెప్పాలి."

ఆమెకి చప్పున కొత్తకాపురం రోజులు గుర్తొచ్చాయి. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే పిల్లగా ఈ ఇంటికి వచ్చింది. మొదటి నెలలోనే బొద్దింకను చూసి ఈయన మంచమెక్కితే, తప్పక చీపురు అందుకుంది. ఆనాటినుంచి ఉరుము ఉరిమినా, తలుపు చప్పుడైనా ముందు నడిచేది తనే.

"అయితే ఆ బొద్దింక...?"

మాస్టారు కుంచె కడుగుతూ తలెత్తలేదు.

"భలే కొట్టావులే," అన్నారు.