బేతంచెర్ల బండల కోసం పోతే ఇటలీ ఆయన పరిచయమయ్యాడు

మైదుకూరులో నాది చిన్న బండల కొట్టు. ఒక చర్చి నేలకు అరవై పాలిష్ బండలు ఒప్పుకున్నాను. పరిచే పనివాళ్ళు మర్నాడు ఏడింటికి వస్తారు. బండలు లేకపోతే బెంగళూరు పనికి వెళ్ళిపోతారు, మళ్ళీ నెల దాకా దొరకరు. అందుకే నేనే స్వయంగా బయలుదేరాను.

పొద్దున ఐదున్నర బస్సు ఎక్కితే ఎనిమిదికి నంద్యాల, టికెట్టు నూటపది. అక్కడ బేతంచెర్ల బస్సు గంటసేపు రాలేదు. వచ్చాక కాలు పెట్టే సందు లేదు. డెబ్బై రూపాయలిచ్చి నిలబడే వెళ్ళాను. పదిన్నరకు దిగితే, ఫ్యాక్టరీకి ఆటో అతను ఎనభై అన్నాడు.

"రెండు కిలోమీటర్లకు ఎనభయ్యా?"

"బండల దుమ్ము తినేది నా ఇంజనప్పా, నువ్వు గాదు."

తీరా వెళితే ఫ్యాక్టరీలో చప్పుడే లేదు. మేస్త్రీ ఓబులేసు తాపీగా టీ తాగుతున్నాడు.

"కొత్త పాలిషు మిషను బిగించి నాలుగు దినాలాయ. తిరగల్యా."

"ఒక ఫోను చేసి చెప్పొద్దా?"

"ఈ పొద్దు తిరుగుతాదేమో అనుకుంటి."

మూలన స్టూలు మీద ఒక తెల్లాయన అరటిపండు తింటున్నాడు. మిషను బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన పావోలో. "శానా పొగరు. ఎవురితోనూ మాట్లాడడు" అన్నాడు ఓబులేసు. మాట్లాడితే అర్థమయ్యేది ఎవరికో!

చిరాకుకు ఆకలి తోడైంది. ఎదురుగా బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు నలభై. రెండు తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టాను. బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకొకటి అడిగాడు. ఆయన ఫోను ఇక్కడ పనిచేయక, నా ఫోనులో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. నాలుగు రోజుల్లో తనతో కూర్చుని తిన్నది నేనొక్కడినేనట. ఇంట్లో నువ్వు ఎవరితో తింటావని అడిగాడు. ఎవరూ లేరు, నా భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయిందని చెప్పాను.

అప్పుడు మిషను ముందున్న చిన్న గాజు కన్ను చూపించాడు. బండ వచ్చిందో లేదో చూసేది అదే. దాని నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు! మొదటిరోజు తుడవబోతే ఓబులేసు అరిచాడట. దేవుడి విషయమని మళ్ళీ ముట్టుకోలేదు. సైగలతో బతిమాలినా ఎవరూ పట్టించుకోలేదు.

"ఓబులేసూ! మిషన్ను కండ్లు మూసుకొని పనిచేయమంటావాప్పా?"

"పూజ చేయకుంటే చేతులు తెగుతాయి. నువ్వొచ్చి అతికిస్తావా?"

"చెయ్యప్పా, ఎవరొద్దన్నారు? ఆ బొట్టేదో జానెడు పైన పెట్టు!"

గొణుగుతూనే ఓబులేసు తన తువ్వాలుతో తుడిచాడు. మిషను గర్రున లేచింది. నాలుగు రోజుల పని, నిమిషంలో! పావోలో మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. అరవై బండలూ అయ్యేదాకా నిలబడి, ఒక్కోదాన్నీ చేత్తో తడిమి చూశాడు. నాలుగింటికి ఓబులేసు రెండు టీలు తెచ్చి, "తాగప్పా, పావులప్పా" అని పక్కన కూర్చున్నాడు. ఐదున్నరకు లోడు లారీలోనే నేనూ బయలుదేరాను. మర్నాడు పనివాళ్ళు వచ్చేసరికి బండలు చర్చి ముందున్నాయి.

రెండేళ్ళుగా నా భార్యకు ఫోను చేసి ఏం తిన్నావనే అడుగుతున్నాను. ఆ సాయంత్రం లారీలోంచి, ఎవరితో తిన్నావని అడిగాను. "ఎవురుండారు? ఈ ఇంటోళ్ళందరూ తిని లేసినంక నిలబడి తింటా" అంది. ఇన్నాళ్ళూ అడగనందుకు నా మీద నాకే విసుగొచ్చింది.

బేతంచెర్ల వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ముందు ఫోను చేసి, మిషను శబ్దం వినిపించమనండి. చప్పుడు వినిపించాకే బస్సెక్కండి.