ఇంజను మీద నాలుగు బొట్లు

మా చిన్నప్పుడు ఓ గురువారం పొద్దున్న, ఆనందపురం దగ్గర మా కళ్లంలో నాన్నకీ ఖాదర్ మామకీ పెద్ద గొడవ... ట్రాక్టరుకి ఉలి దెబ్బ తగలాలా వద్దా అని!

పాత డీజిల్ బండి. నల్లపొగ కక్కుతూ, ఆగి ఆగి నడిచేది. ఇంజనుకి డీజిలు కొలిచి కొట్టే పంపుని విప్పి గోపాలపట్నంలో బాగుచేయించాలి. అవతల నారు ముదిరిపోతోంది... రెండు రోజుల్లో మడి దున్ని దమ్ము పట్టకపోతే ఆ ఏడు ఊడ్పుల్లేవు.

ఖాదర్ మామ పాతనగరం మెకానిక్. నాన్నని "బావా" అనేవాడు, నాన్నా అంతే. ఇప్పుడు రెంచీ పట్టినవాడి పేరు విని మతం లెక్కకట్టే మహానుభావులకి ఈ ముక్క అంకితం!

మామ డీజిలు కట్టేశాడు. పైపులు విప్పి, మూతులకి శుభ్రమైన గుడ్డపీలికలు కుక్కాడు... రవ్వంత దుమ్ము పోయినా పంపు పాడేనట. ఇక పంపూ ఇంజనూ కలిసేచోట రెంటిమీదా ఉలితో గాటు పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ గాట్లు కలవాలి. తప్పితే బండి మొరాయిస్తుంది.

"పంపు మీద నీ ఇష్టం. ఇంజను మీద ఉలెట్టావో ఊరుకోను బావా! కన్నకూతురు నాంటిది" అన్నాడు నాన్న.

"నీ కూతురికి సెవులు కుట్టించనేదేటి?"

అయినా నాన్న వినలేదు. ఆముదంలో కలిపిన కుంకుమతో ఇంజను మీద నిలువుగీత గీశాడు. మామ తల కొట్టుకుని, పంపు మీద గాటు పెట్టుకుని, దాన్ని ఊడదీసి గోనెలో పసిబిడ్డలా చుట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు సాయంత్రం పంపుతో దిగి చూస్తే... గీత ఉన్నచోట వరసగా నాలుగు నిలువు బొట్లు! మా నానమ్మ పని.

"సుక్రారం పూట ఒంటిబొట్టేటి? నాను నిండుగా ఎట్టాను. తప్పేటి?"

నాలుగింట్లో తన గీత ఏదో నాన్నకే తెలీలేదు. "ఓలమ్మా... పంట పోనాదే!"

సంగతి విని నానమ్మ మొగాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది. "మీది నూని బొట్టు, నాది నీల్ల బొట్టు. తడిగుడ్డెట్టి తుడిస్తే ఏది నిలబడితే అదే మీది. దీనికింత ఏడుపెందుకురా?"

మామ తుడిచాడు. మూడు పోయాయి, ఒకటి మిగిలింది! దానికి గాటు కలిపి పంపు బిగించి, పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేస్తే... కళ్లమంతా అదిరిపోయింది.

"ఇప్పుడన్నా కొట్టనా బావా?" అన్నాడు మామ ఉలి తీసి.

నాన్న నోరెత్తేలోపే, "కొట్టు నాయనా, మళ్లీ నన్ను తిట్టుకోకండి" అంది నానమ్మ. మర్నాడు దమ్ము పట్టాం.

అంత బుర్ర ఉన్న మనిషిని ఆ బండి సీటు మీద ఒక్కరోజూ కూర్చోనివ్వలేదు మా మగాళ్లు. అందుకే "ఆ రోజులే బంగారం" అంటే నేను ఒప్పుకోను గాక ఒప్పుకోను.

కానీ మొన్న మా తమ్ముడి కొత్త ట్రాక్టరు ఆగితే, బానెట్ కింద సీలేసిన డబ్బా. "ముట్టుకుంటే వారంటీ పోద్దండి" అన్నాడు షోరూం అతను. బండి మనది, విప్పే హక్కు వాళ్లదా?

పాత బండి ఇంకా పాకలోనే ఉంది... ఇంజను మీద వేలు పెడితే ఆ గాటు ఇప్పటికీ తగులుతుంది.

మీ ఇంట్లో ఆఖరుసారి ఎవరు, దేన్ని విప్పి మళ్లీ బిగించారు? కింద రాయండి... తిరిగి బిగించలేకపోయినవాళ్లు ఇంకా ముందు రాయండి!