దేవుడి దిబ్బ చుట్టూ చెంగమ్మ పరిచిన వల

మా చిన్నప్పుడు... ఎండాకాలం తిరునాళ్ళలో దేవుడి దిబ్బ చుట్టూ చెప్పుల్లేకుండా తిరగడమంటే పెనం మీద నడవడమే. అల్లూరు అవతల వరి మళ్ళు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఇసక దిబ్బ, దాని మీద గుడి. ప్రదక్షిణకు దారంటూ లేదు. అడుగు వేస్తే మడమ దాకా దిగేది... తీసేలోపల కాలేది.

మా జేజికి, అంటే నాయన తల్లికి, ఒక మొక్కు ఉండేది. అమ్మవారు పోసి నేను బతికి బయటపడ్డందుకు పదకొండు ప్రదక్షిణలు. రెండేళ్ళు ప్రయత్నించి, రెండుసార్లూ మూడో చుట్టులోనే కూలబడింది. ఈ ఏడు తీరకపోతే ఇక తీరదని ఆమెకు తెలుసు. మాకూ తెలుసు.

ఆ దిగులు విన్నది చెంగమ్మ. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె, కుప్పం నుంచి తట్టలో చేపలు తెచ్చి మా పెరటి వాకిట్లో కూర్చునే మనిషి. జేజి ఆమెకు చల్ల పోసేది. ఆమె జేజికి లోకంలోని సంగతులన్నీ పోసేది.

తిరునాళ్ళకు ముందురోజు చెంగమ్మ పదిమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. సరుగుడు తోపుల్లో రాలిన సన్నటి ఎండాకును గంపలతో మోసి, దిబ్బ చుట్టూ జానెడు మందాన పరిచారు. నీళ్ళు చల్లి తొక్కారు. పైన చిరిగి మూలనపడ్డ వలలు కప్పి, అంచుల్లో కర్ర మేకులు దిగ్గొట్టారు. నేను నడిచి చూశాను. చాప మీద నడిచినట్టుంది.

అప్పుడు వచ్చాడు మా పెదనాయన. జేజి పెద్దకొడుకు, గుడి ధర్మకర్త. ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకున్నాడు.

"నీచు వలల మీదనా దేవుడి చుట్టూ తిరిగేది? పీకెయ్యండి."

ఆకు మాత్రం ఉండనిమ్మన్నాడు. పనికొచ్చింది ఉంచుకుని, చేసినవాళ్ళను పొమ్మనడం మా వంశానికి బాగా అబ్బిన విద్య.

చెంగమ్మ వాదించలేదు. "ఆకు నిలవదు సామీ. ఈ గాలి సంగతి మాకు తెలుసు" అని గంప ఎత్తుకుంది. మడి గట్ల మీద పెరిగిన మావాళ్ళకు వాన తెలుసు, కాలవ తెలుసు... పొద్దెక్కాక సముద్రం మీంచి లేచే గాలి తెలియదు.

ఆ వలలు పీకింది మా పిల్లల మందే. నేనూ పీకాను. తలా రెండు బెల్లం ఉండలు ఇచ్చారు. తిన్నాను కూడా.

మర్నాడు గాలి లేచింది. పానకం బిందెల్లో ఆకు, పూజారి పిలకలో ఆకు, హారతి పళ్ళెంలో ఆకు... దారిలో మాత్రం ఒక్క పుల్ల లేదు. జనం కాళ్ళకు తుండుగుడ్డలు చుట్టుకుని గెంతుతున్నారు. జేజి నాలుగో చుట్టు మధ్యలో కూర్చుండిపోయింది. ఎవరో తడి గోనె వేశారు, ఎవరో గొడుగు పట్టారు. ఎత్తుకుని తిప్పుతానన్నాడు పెదనాయన.

"నా మొక్కు నీ కాళ్ళతో తీరదురా. పోయి చెంగమ్మను పిల్చుకోని రా. ఆ వల పరిచిందాకా నేను ఈడ్నించి లెయ్యను."

ధర్మకర్త కుప్పానికి నడిచాడు, ఒట్టి కాళ్ళతో. వెనకాల మేము. చెంగమ్మ గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. ఆయన నసుగుతూ తల్లి సంగతి చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు.

"వల తెస్తాం సామీ. ప్రతేడూ మీరంతా తిరిగి ఇళ్ళకు పోయినాకనే మేం తిరగతాండాం. ఈ ఏడు నుంచి మీతో పాటే తిరగతాం."

పెదనాయన సముద్రం వైపు చూశాడు. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. చివరికి సరేనన్నాడు. ఆ సరే ఆయన ధర్మబుద్ధిలోంచి వచ్చిందని నేను ఈ వయసుకూ ఒప్పుకోను. అరికాళ్ళలోంచి వచ్చింది.

కుప్పమంతా కదిలింది. పొద్దు వాలకముందే ఆకూ, పైన వలా పడి దారి మళ్ళీ లేచింది. జేజి చెంగమ్మ భుజం పట్టుకుని, ఆగి ఆగి నడిచింది. ఒక చుట్టులో ముక్కు ఎగబీల్చి, "నీచు కొడతా ఉందే చెంగీ" అంది.

"దేవుడు మొదట ఎత్తిన అవతారమేందమ్మా? చేపే గదా."

జేజి నవ్వు ఆపుకోలేక నిలబడిపోయింది. తర్వాత పదకొండూ పూర్తిచేసింది.

మొన్న అదే దిబ్బ చుట్టూ రంగుల పలకరాళ్ళ దారి వేశారు. రెండు వైపులా ఇనప గొట్టాల కంచె, స్పీకర్లలో నామాలు. బాగుంది, ముసలి చేతులకు ఆసరా. కానీ రాతి ఫలకం మీద "ఈ దారిని తొలుత సంకల్పించిన ధర్మమూర్తి" అంటూ మా పెదనాయన పేరు. నేను స్థలపురాణాలు చాలానే చదివాను. రాజు కలలో దేవుడు కనపడటం అన్నిట్లోనూ ఉంటుంది... గంప మోసిన మనిషి ఒక్కదాంట్లోనూ కనపడదు. ఇప్పటి గుడి కమిటీ అధ్యక్షుడు పెదనాయన మనవడే. వాడికి చెంగమ్మ సంగతి చెప్పాను. "రికార్డుల్లో లేదు తాతా" అన్నాడు.

ప్రారంభం రోజున రాళ్ళు కాలుతున్నాయని పచ్చ తివాచీ పరిచారు. పొద్దెక్కగానే గాలి లేచింది. తివాచీ తెరచాపలా ఎగిరి పెద్దమనుషుల మీద పడింది. అప్పుడు చెంగమ్మ మనవరాలు, ఎవరూ అడక్కుండానే, కుప్పం నుంచి వల తెప్పించి తివాచీ మీద వేసి, కంచె గొట్టాలకు బిగించి కట్టింది. ఈసారి ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఆమె పేరు కూడా ఎవరూ అడగలేదు.

ఆ వల మీద నేను ఒక చుట్టు తిరిగాను. మోకాళ్ళు ఒప్పుకున్నది అంతే. ఆ బెల్లం ఉండల రుచి మాత్రం ఇంకా నోట్లోంచి పోలేదు...

రాతి మీద చెక్కించడం నా చేతిలో లేదు. ఇక్కడ రాయడం ఉంది. ఆ దారి వేసింది చెంగమ్మ.

మీ ఊరి గుడికి మొదట దారి పరిచిందెవరో చెప్పండి. ఫలకం చూసి కాదు... మీ జేజిని అడిగి. ఇంకా ఉంటే.