రంగేసి కప్పిన బోల్టులు

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఫిట్టర్ చాచా నిన్న పొద్దున పోయారు. పదకొండింటికి ఆఫీసులో అందరం రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. అధికారి గొంతు సవరించుకుని, "బ్యాటరీ గదిలో ఆ ఒక్క పొరపాటు తప్ప మచ్చలేని సేవ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి పోయిన రోజు కూడా ఆ మాట వదలరా? ఆ పొరపాటు ఎవరిదో మీకు చెప్పి తీరాలి.

వనపర్తికి బస్సులో గంట దూరాన ఉన్న చిన్న ఎక్స్ఛేంజి మాది. నేను టైపిస్టును. కరెంటు పోతే ఊళ్లో ఫోన్లన్నీ బ్యాటరీల మీదే నడవాలి. ఇనుప స్టాండు మీద వరుసగా ఉండేవవి. వాటి నుంచి లేచే యాసిడ్ ఆవిరి ఆ స్టాండు బోల్టులను తినేస్తుంది. చాచా రోజూ వాటిని గుడ్డతో తుడిచి, వాజలైన్ రాసేవారు. ప్రతి నట్టు మీదుగా స్టాండు దాకా సన్నటి ఎర్ర గీత గీసేవారు. కొత్తలో అవి బొట్లనుకుని, "మీరూ ఆయుధపూజ చేస్తారా చాచా?" అని అడిగాను. ఆయన పడీపడీ నవ్వారు.

"బొట్టు గాదు బిడ్డా. నట్టు జర తిరిగితె గీత ఇరుగుతది, నాకు తెలుస్తది. మస్తు బిగిస్తె మర తెగుతది, ఇడిసిపెడితె జారుతది. దినాం చూసుడే మన పని."

పానా ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. టీ తాగేముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవారు. చొక్కాల నిండా యాసిడ్ చిల్లులే.

ఒకసారి తనిఖీ ఉందన్నారు. బోల్టులు తుప్పు పట్టాయి, మార్చాలి అని చాచా అప్పటికే నా చేత మూడు చీటీలు రాయించి ఇచ్చారు. బోల్టులు రాలేదు. రంగు డబ్బాలు వచ్చాయి. గీతలతో సహా స్టాండు మొత్తానికీ రెండు పూతలు బూడిద రంగు వేయించారు.

"సార్, గీతలు మూసిండ్రు. నట్టు జారినా ఇగ నాకు తెల్వదు. జర కొత్త బోల్టులు తెప్పియ్యుండ్రి" అని చాచా బతిమాలారు.

"నిగనిగలాడుతుంటే నీకేం రోగమయ్యా? ముందు తనిఖీ కానీ" అన్నారు అప్పటి అధికారి.

తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు. వారం తిరక్కుండానే రంగు కింద బోల్టు తెగింది. స్టాండు ఒరిగి, బ్యాటరీలు చాచా కాళ్ల మీద పడి పగిలాయి. ఆయన దవాఖానలో ఉండగానే నివేదిక తయారైంది: నట్లు బిగించడం మరిచిన ఫిట్టర్ నిర్లక్ష్యం. టైపు చేసింది నేనే. ఆ మూడు చీటీల నకళ్లూ నా సొరుగులోనే ఉన్నాయి. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఆ అధికారిని తిట్టే హక్కు నాకెక్కడిది?

తిరిగొచ్చాక చాచా నన్నొక్క మాట అనలేదు. "పరేషాన్ గాకు బిడ్డా. నీ కొలువు గూడ ఉండాలె గద" అన్నారు. కుంటుకుంటూ వెళ్లి కొత్త నట్ల మీద మళ్లీ గీతలు గీసుకున్నారు.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లేసరికి మగవాళ్లు జనాజా తీసుకుని వెళ్లిపోయారు. చాచీ నా చెయ్యి పట్టుకుంది.

"స్నానం జేపిచ్చినోళ్లు కాళ్లు జూసి ఏమైందని అడిగిండ్రమ్మా. నట్లు బిగించుడు మర్చిపోయిండంట అని చెప్పిన. ఆఫీసోళ్లు గట్లనే అన్నరు గద."

ఆయన ఇంట్లో కూడా చెప్పుకోలేదు. నేను అన్నీ చెప్పాను, నా సొరుగు సంగతితో సహా. ఆమె నా చెయ్యి వదిలేసింది.

మట్టి ఇచ్చి మగవాళ్లు తిరిగొస్తున్నారు. ఆమె లేచి వెళ్లి, గుమ్మానికున్న పరదా పక్కకు జరిపి, వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆపి చెబుతోంది: "ఆయన మర్చిపోలే. మర్చిపోలే ఆయన."